రెండు గిన్నెల పప్పు

సంతాప సభకు హాజరైనవాళ్లం తొమ్మిది మందిమి. ఆవిడ టెస్టింగ్ టీము వాళ్లు నలుగురు, ఒకప్పుడు ఆదివారం బస్సులో మాతో వచ్చినవాళ్లు ముగ్గురు, అడ్మిన్ నుంచి ఒకతను, నేను. గోడమీది పెద్ద తెర నిండా ఆవిడ ఐడీ కార్డు ఫొటో ఉంది. సాగదీసి పెట్టడం వల్ల ముఖం ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపించింది. బల్ల మీద చామంతి దండ, దీపానికి బదులు బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి, ఎవరూ ముట్టని సమోసాల పెట్టె, మూతలున్న రెండు స్టీలు గిన్నెలు. ఏడో అంతస్తులో నిప్పు వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది, అందుకని ఆ కొవ్వొత్తి. ఆవిడ ఉంటే దాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగించి చూసేది.

రెండు నిమిషాల మౌనం అయ్యాక అడ్మిన్ అతను నా పక్కకు వచ్చాడు.

"సార్, గీ గిన్నెలు మేడమ్‌వేనా? స్టోర్‌రూం ఖాళీ చేస్తున్నం. తీస్కపోతరా, పడెయ్యమంటరా?"

తీసుకెళ్తానన్నాను. అప్పట్లో వాటిని కొని తెచ్చింది నేనే.

ఒక గిన్నె అంచు కింద ఎర్ర చుక్క, దాని మూత మీదా ఎర్ర చుక్క. రెండోదానికి రెండు చోట్లా ఆకుపచ్చ చుక్క. మా నాన్న బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు, అక్కడి గల్లీలు నాకు తెలుసునని ఆవిడకు తెలుసు. "రెండూ ఒకే అచ్చులో తీసినవి కావాలండి. మందం తేడా ఉండకూడదు. కొలిపించి తీసుకోండి" అని పంపించింది. స్క్రూగేజీతో గిన్నె అడుగు మందం కొలుస్తుంటే దుకాణంలో ముసలాయన నవ్వి, "ఏంది బేటా, పెండ్లిపిల్లను సూస్తున్నవా, గిన్నె కొంటున్నవా?" అన్నాడు. ఆ మాట చెబితే ఆవిడ నవ్వలేదు. "తేడా ఎంతొచ్చిందండి?" అని అడిగింది.

ఆవిడ గోదావరి జిల్లాల మనిషి. నల్లగండ్లలో ఉండేది. మా కంపెనీలో టెస్టింగ్ విభాగం ఆవిడ చేతి కింద ఉండేది. ఎవరైనా ఏదైనా బాగానే పనిచేస్తోందని చెబితే, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, చేతులు రెండూ చున్నీ కింద దాచుకుని, "చూపించండి" అనేది. చూపించాక, "ఇంకోసారి" అనేది. రెండోసారి కూడా పనిచేస్తే లేచి వెళ్లిపోయేది. మెచ్చుకోవడమంటే అదే. చేతులు ఎందుకు దాచుకుంటారని ఒకసారి అడిగాను. "దగ్గరుంటే ముట్టుకుంటానండి. నేను ముట్టుకుంటే అది నా పరీక్షవుతుంది, మీది కాదు" అంది.

అందరినీ 'అండి' అనేది. కొత్తగా చేరిన పిల్లల్ని, లిఫ్టు దగ్గర సెక్యూరిటీని, బస్సు డ్రైవర్ని. వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అడ్డంగా పడుకున్న వీధికుక్కతో "కాస్త జరగండి" అనడం నేను చెవులారా విన్నాను. కానీ ఆవిడ 'అండి' మర్యాదకు కొలత కాదు, కోపానికి కొలత. ఒకసారి మాట్లాడితే ఒక అండి మామూలు. రెండు వస్తే ఎక్కడో ఏదో తప్పింది. మూడు వస్తే మేం కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడేవాళ్లం.

నెలకో ఆదివారం పొద్దున్నే మియాపూర్ డిపో ఎదురుగా మా బస్సు ఆగేది. కంపెనీలో పాతికేళ్ల వయసు వాళ్లం ఇరవై మంది దాకా ఎక్కేవాళ్లం. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లకు వెళ్లి, నీటిని వడగట్టే చిన్న ప్లాంటు పెట్టి, అది నడిపే పద్ధతి అక్కడివాళ్లకు నేర్పి రావడం పని. కార్యక్రమం మొత్తం హెచ్ఆర్ నుంచి కిరణ్ చూసేవాడు. మంచివాడే. టీషర్టులు, బ్యానరు, ఫొటోలు, భోజనాలు అన్నీ అతనివి. ప్లాంటు మాత్రం ఆవిడది.

బస్సులో ఆవిడ డ్రైవరు పక్కనున్న మెట్టు మీద మావైపు తిరిగి కూర్చునేది. సీలు వేసిన నీళ్ల సీసాలు ఎవరి సంచిలో ఉన్నా దింపించేది. "మనం సీసా మూత తిప్పుకుని తాగుతూ, మీ నీళ్లు బాగుండవు అని వాళ్లకి చెబుతామా అండీ?" ఇంటి నుంచి ఒక డ్రమ్ముతో నీళ్లు, రెండు స్టీలు గ్లాసులు తెచ్చేది. ఊళ్లో ఎవరైనా చెంబుతో నీళ్లిస్తే మాత్రం తీసుకుని తాగేది. మొదటిసారి అది చూసి నేను ఉలిక్కిపడ్డాను.

"అక్కా, అందులో ఫ్లోరైడ్ ఉందని మనమే కదా చెబుతున్నం?"

"ఒక పూట తాగితే ఏమీ కాదండి. వద్దంటే అవుతుంది."

పప్పు పరీక్ష మొదటి ఊళ్లోనే పుట్టింది. ప్లాంటు నీళ్లు చప్పగా ఉన్నాయని ఆడవాళ్లు మూతి తిప్పారు. కిరణ్ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములంటూ చార్టు విప్పాడు. ఒకామె లేచి, "గా లెక్కలు మాకెందుకు సారూ, కూరెట్ల అయితదో చెప్పు" అంది. ఆవిడకు ఆ ప్రశ్న నచ్చింది. అది పరీక్షించడానికి వీలైన ప్రశ్న. అక్కడికక్కడే రెండు పొయ్యిలు అడిగి పెట్టించి, ఒకే కొలత కందిపప్పు, ఒకే కొలత నీళ్లు, ఒకదాంట్లో బోరువి, ఒకదాంట్లో ప్లాంటువి పోసింది. ఆ ఊరివి సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు. బోరు నీళ్లలో పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంది. ప్లాంటు నీళ్లలో మెత్తగా మెదిగింది. ఆ సాయంత్రమే బిందెలు వరస కట్టాయి.

దాంతో అది మా ఆచారమైంది. ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయకు బదులు పప్పు. బాలానగర్ గిన్నెలు అప్పుడు వచ్చాయి. ఎర్ర చుక్క పాత నీళ్లకు, ఆకుపచ్చ చుక్క కొత్త నీళ్లకు. తీర్పు చెప్పేది మేం కాదు. "ఊళ్లో అందరికన్నా ఎక్కువ పప్పు వండిన చెయ్యి ఎవరిదండి?" అని అడిగి, ఆ పెద్దామెను పీట వేసి కూర్చోబెట్టేది. చివర ఆ రెండు గిన్నెల పప్పూ అన్నంలో కలుపుకుని ఊరివాళ్లతో కలిసి తినేవాళ్లం. తర్వాతి రెండు ఊళ్లలోనూ ఆకుపచ్చ చుక్కే గెలిచింది.

నాలుగో ఊరు నల్లగొండ వైపు, గుట్టను ఆనుకుని ఉన్న వాడ. ఊరి మొదట్లో పైపు నీళ్లు వచ్చాయి కానీ ఆ ఎత్తుకు ఎక్కేవి కావు. అందరూ ఒకే బోరు మీద బతికేవాళ్లు. ప్లాంటు తాళంచెవి తీసుకోవడానికి ఒప్పుకున్నామె పేరు రేణుక. ఆమె చంకలో ఇంకా ఏడాది నిండని పాప, వెన్నెల. కొంగు పట్టుకుని పెద్దపిల్ల పావని, అప్పటికి ఎనిమిదేళ్లది. పావని నవ్వినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం వెళ్లేది. చెయ్యి తీసిన క్షణంలో పళ్లు కనిపించేవి. ముందు పళ్లన్నీ తుప్పు రంగు. పాలపళ్లు ఊడి కొత్తవి అలాగే వచ్చాయట. పళ్ల రంగు చిగురు లోపల, పిల్ల పాకే వయసులోనే తయారవుతుంది. అంటే పావనికి చెయ్యగలిగింది ఏమీ లేదు. వెన్నెలకు ఉంది, కానీ అప్పుడే మొదలుపెట్టాలి. ఆ సంగతి ఆవిడకు ఆ పిల్లను చూసిన నిమిషం నుంచి తెలుసు. ఆ రోజు ఆవిడ చేతులు చున్నీ కింద నిలవలేదు. పొద్దున్నుంచీ బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తూ తిరిగింది.

తీర్పు చెప్పడానికి పీట మీద కూర్చున్నది రేణుక అత్త లచ్చమ్మ. కిరణ్ ఆఫీసులో పెద్దలకు వీడియోలో చూపించే ఏర్పాటు చేశాడు. పొయ్యిల చుట్టూ వాడలోని ఆడవాళ్లంతా చేరారు.

కొంచెంసేపయ్యాక లచ్చమ్మ ఎర్ర చుక్క మూత తీసి, రెండు పలుకులు తీసుకుని వేళ్ల మధ్య నొక్కింది. మెదిగిపోయాయి. ఆకుపచ్చ చుక్క మూత తీసి నొక్కింది. రాయిలా ఉన్నాయి.

"ఇదేందిది? మా బోరు నీళ్లే మంచిగున్నయి గద" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. కిరణ్ వీడియో ఆపించి, "సిగ్నల్ పోయింది సార్, మళ్లీ కలుపుతాం" అని ఫోనులో చెప్పాడు. ఆవిడ ముఖం కదలలేదు.

"ఇంకాసేపు చూద్దామండి" అంది. గిన్నెల్లో పోసిన నీళ్లు సరైనవేనో కాదో చూసుకోవడానికి ప్లాంటు గదిలోకి వెళ్లింది. పొగ కళ్లల్లో పడుతోందని లచ్చమ్మ లేచి వేపచెట్టు వైపు జరిగింది. ఆడవాళ్లు మాటల్లో పడ్డారు. ఆ కాస్త ఎడంలో కిరణ్ జేబురుమాలుతో మూతలు పట్టుకుని అటుది ఇటు, ఇటుది అటు మార్చేశాడు.

"ఏందన్నా అది?" అన్నాను.

"గట్టిగా మాట్లాడకురా. వాళ్ల మంచికే కదా. ఆ పెద్దపిల్ల పళ్లు చూశావా? చంకలో పిల్లకూ అవే రావాలా, పప్పు కోసం?"

అంతలోనే వీడియో మళ్లీ కలిసింది, లచ్చమ్మ పీట మీదికి వచ్చింది, ఆవిడ గదిలోంచి బయటికి వచ్చింది.

లచ్చమ్మ ఆకుపచ్చ మూత తీసింది. నొక్కింది. మెత్తగా ఉంది. ఎర్ర మూత తీసి నొక్కింది. పలుకుగా ఉంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఇందాక గిట్ల లేకుండె" అంటూ తన వేళ్లనే చూసుకుంది.

కిరణ్ చప్పట్లు కొట్టాడు. ఫోనులోంచి కూడా చప్పట్లు వినిపించాయి. రేణుక పాపను పావని చేతికిచ్చి, బిందె తీసుకుని ప్లాంటు నల్లా వైపు నడిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. మేం కోరుకున్నది సరిగ్గా అదే. బిందె నల్లా కిందికి వచ్చింది. ఒక్క మనిషి ఊరుకుంటే చాలు.

ఆవిడ పొయ్యి దగ్గర వంగుని గిన్నెలను చూస్తోంది. గిన్నె అంచు కింద కూడా చుక్క ఉంటుందని కిరణ్‌కు తెలియదు. మసిపట్టి అది కనపడడం లేదు. ఆవిడ చున్నీ కొంగుతో మసి తుడిచింది. ఆకుపచ్చ మూత ఉన్న గిన్నెకు ఎర్ర చుక్క బయటపడింది. తలెత్తి రేణుకను చూసింది, పావని చేతుల్లో ఉన్న పాపను చూసింది. మళ్లీ గిన్నెను చూసింది. అంత ఎండలోనూ ఆవిడ పెదవులు తెల్లగా అయిపోవడం నాకు గుర్తుంది.

"రేణుక గారూ, ఆగండి."

బిందె నల్లా కిందే ఆగింది.

"మూతలు మారాయండి. లచ్చమ్మ గారి చెయ్యి మొదట చెప్పిందే నిజమండి. మీ బోరు నీళ్లకే పప్పు బాగా ఉడికిందండి."

మూడు అండీలు. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

తర్వాత వెనక నుంచి ఒకామె, "మా బోరు బంద్ చేస్తందుకొచ్చి మా బోరుకే మెడల్ ఏసిరి!" అంది. నవ్వులు లేచాయి. కిరణ్ ఫోను జేబులో పెట్టుకుని బస్సు వైపు వెళ్లిపోయాడు. రేణుక నవ్వలేదు. ఖాళీ బిందెతో తిరిగి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడింది.

"మూత మార్చి మమ్ముల మోసం చేస్తిరా మేడమ్?"

"మావాళ్లే మార్చారండి. తప్పు."

"అయితే గీ ప్లాంటు మాకెందుకు? నిజం చెప్పుండ్రి."

నేను పావనిని చూశాను. కిరణ్ ఉంటే ఆ పిల్లను ముందుకు పిలిచి, నోరు తెరవమనేవాడు. వాదన అక్కడికక్కడే తేలిపోయేది. ఆవిడ అటువైపు కన్నెత్తలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రేణుకను కూడా కూర్చోమంది.

"పప్పుకి మీ నీళ్లు మంచివేనండి. పళ్లకి, ఎముకలకి మంచివి కావు. అది పొయ్యి మీద తేలదు. ఇంకో పరీక్ష పెడదాం. పెద్దవాళ్లు మీ ఇష్టం. ఈ పాపకి మాత్రం తాగే నీళ్లు, జావ, అన్నం అన్నీ ప్లాంటు నీళ్లతో. తనకి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడు నేనొచ్చి చూస్తాను. అప్పుడూ మీ బోరే గెలిస్తే ప్లాంటు గదిలో మేకల్ని కట్టేసుకోండి."

"గదెప్పుడు?" అంది లచ్చమ్మ.

"ఆరేడేళ్లు పడుతుందండి."

"ఆరేడేండ్లా! అప్పటిదాక నేనుంటనా, నువ్వొస్తవా?"

"మీరు ఉండండి. నేను వస్తాను."

లచ్చమ్మ చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూసింది. ఆఖరికి గిన్నె ముందుకు తోసి, "ఇగ తినుండ్రి. మా నీళ్ల పప్పు సల్లారుతున్నది" అంది. ఆవిడ ఎర్ర చుక్క గిన్నెలోంచి రెండుసార్లు వడ్డించుకుని తింది. బాగుందని కూడా చెప్పింది.

తిరుగు ప్రయాణంలో కిరణ్ ఊరు దాటేదాకా ఓపిక పట్టాడు.

"మీరు ఒక్క నిమిషం ఊరుకుంటే ఈపాటికి ఊరంతా తాగేది."

"తాగేవారండి, ఒక నెల. తర్వాత వాళ్లింట్లో పప్పు వాళ్లు వండుకుంటారు కదండీ. మూత సంగతి తెలిశాక మనం చెప్పిన ఫ్లోరైడు కూడా అబద్ధమే అనుకుంటారండి."

కిరణ్ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను ఆ ఊరి నీటి పరీక్ష కాగితం తీసి మళ్లీ చదివాను. సమాధానం అందులోనే ఉంది. ఆ బోరువి గట్టి నీళ్లు కావు. సున్నం తక్కువ, క్షారం ఎక్కువ. పప్పులో వంటసోడా వేస్తే ఎలా మెదుగుతుందో అలాంటి నీళ్లు. ఫ్లోరైడు ఎక్కువున్న చాలాచోట్ల నేల తీరు అలాగే ఉంటుంది. ఆవిడకు చెప్పాను. ఆవిడ కాగితం తీసుకుని చూసి, కిటికీ వైపు తిరిగింది.

"అయితే పరీక్షే తప్పండి. ముందు మూడు ఊళ్లలో తప్పు పరీక్షలో పాసయ్యాం" అంది. ఆ రోజు తర్వాత ఆ గిన్నెలు మళ్లీ పొయ్యి ఎక్కలేదు.

సోమవారం గాజు గదిలో మీటింగు. వాడకం లేని ప్లాంట్ల మరమ్మతు కంపెనీ చూడదని తేల్చారు. ఆ ఊరు జాబితాలోంచి పోయింది. ఆవిడ ఒకే మాట అంది. "పరీక్ష నడుస్తోందండి. మధ్యలో ఆపకూడదు." తర్వాత రెండు నెలలకోసారి సొంత సెలవు పెట్టి, ఆర్టీసీ బస్సులో వడపోత సామాను ఒళ్లో పెట్టుకుని వెళ్లేది. కొన్నిసార్లు నేనూ వెళ్లాను. మొదట్లో ప్లాంటు నడిచేది ఒక్క పాప కోసమే. రేణుక పొద్దున్నే స్విచ్ వేసి, ఒక క్యాను నింపి, ఆపేసేది. ఒక క్యాను నీళ్ల కోసం అంత ప్లాంటు. ఆవిడ దాన్ని తక్కువ అనుకున్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. తర్వాత ఇద్దరు బాలింతలు, ఆ తర్వాత వాళ్ల అక్కచెల్లెళ్లు, ఒక్కో ఇల్లూ వచ్చి చేరింది.

వెన్నెలకు రెండేళ్లు దాటిన ఎండాకాలంలో మోటరు కాలింది. కబురు మాకు ఆలస్యంగా అందింది. బాలానగర్‌లో నాన్నకు తెలిసిన మనిషి దగ్గర వైండింగ్ చేయించి, గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లాం. మేం ఇంటి అరుగెక్కేసరికి పాప ఏడుస్తోంది. నీళ్లు కావాలి. క్యాను ఖాళీగా ఉంది. పక్కూరి నుంచి రోజూ క్యాను మోసుకొచ్చే రేణుక ఇంకా తిరిగి రాలేదు. లచ్చమ్మ బోరు నీళ్ల కుండలో గ్లాసు ముంచింది.

"ఏం జేయను బిడ్డా, ఎండకు పోరి సొలుగుతున్నది. నాలుగు దినాల సంది క్యాను ఒడిసినప్పుడల్ల గివే తాపుతున్న. ఊరంత తాగి బతికినం" అంది, మావైపు చూడకుండా.

ఆవిడ చేతులు చున్నీ కిందికి వెళ్లాయి. లోపల వేళ్లు ఒకదాన్నొకటి పిండుకోవడం గుడ్డ మీదినుంచి కనిపించింది. లాక్కుంటుందేమో అనుకున్నాను. లాక్కోలేదు. మా దగ్గరున్న సీసా దారిలోనే అయిపోయింది. పాప గ్లాసు ఖాళీ చేసేదాకా ఆవిడ చూస్తూ నిలబడింది. "మీరు చేసింది సరేనండి. దాహం ముందు" అని లచ్చమ్మతో అంది. తర్వాత నావైపు తిరిగి, "మోటరు ఎక్కించండి" అంది. మోటరు ఎక్కి, మొదటి నీళ్లు వదిలేసి, నల్లా సరిగా పారేదాకా ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టలేదు. అరుగు మీద పాప ఖాళీ క్యానుతో ఆడుకుంటూనే ఉంది.

ఆవిడ గురించి నేను చెప్పగలిగింది చాలావరకు ఇంతే. ఆఫీసులో ఆవిడ బల్ల మీద క్యాలెండరు ఉండేది కాదు. తేదీలన్నీ గుర్తే. కిందటి నెల క్యాంటీన్‌లో కనిపించి, "వెన్నెల గారికి పైన కూడా కొత్త పళ్లు వస్తున్నాయటండి. దసరా సెలవుల్లో వెళ్దాం" అంది. ఆ పాపను కూడా గారు అనేది. పండక్కి ముందే, మీటింగులో తలనొప్పి అని లేచిన మనిషి లిఫ్టు దాకా వెళ్లలేదు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు.

సంతాప సభ అయ్యాక వచ్చిన ఆదివారం నేను ఆ రెండు గిన్నెలు సంచిలో వేసుకుని ఒక్కణ్ణే బస్సెక్కాను. దారంతా ఒకటే భయం. ఆవిడ లేదన్న మాట ఎలా చెప్పాలన్నది కాదు. పాప పళ్లు పావని పళ్లలాగే వచ్చి ఉంటే ఏం చెయ్యాలన్నది. ఆరేడేళ్ల పరీక్ష ఒక మనిషి మాట మీద నిలబడి ఉంది. ఆ మనిషి ఇప్పుడు లేదు.

వాకిట్లో లచ్చమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది. చేతి సంచిని చూసి, ఆ తర్వాత నా వెనక్కి చూసింది.

"మేడమ్ ఏది?"

చెప్పాను. రేణుక చేటలో బియ్యం ఏరుతోంది. చేట ఒళ్లోనే ఉండిపోయింది. పావని లోపలి నుంచి వచ్చి గడప మీద నిలబడింది. పద్నాలుగేళ్లు దాటిన ఆడపిల్ల, చెయ్యి నోటి మీదే ఉంది. ఈసారి నవ్వుకు కాదు.

"నన్ను ఉండుమన్నది" అంది లచ్చమ్మ. "ఉన్న. గామె వస్తనన్నది."

నేను సంచిలోంచి గిన్నెలు తీసి అరుగు మీద పెట్టాను. వాటిని ఎందుకు తెచ్చానో నాకూ సరిగ్గా తెలియదు. రేణుక చుక్కలను గుర్తుపట్టింది. ఎర్రదాన్ని దగ్గరికి తీసుకుని, వేలితో తుడిచింది.

"వెన్నెల ఏది?" అన్నాను. పళ్లు చూపించమని అడగలేదు. ఎవరి పిల్లనూ అందరి ముందూ నోరు తెరవమని ఆవిడ అడగలేదు.

లచ్చమ్మే పిలిచింది. వెన్నెల ఇంటి వెనక నుంచి దుమ్ముకాళ్లతో పరుగెత్తుకొచ్చింది. లచ్చమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"నాకు కండ్లు సరింగ కనవడయి. నువ్వు చెప్పు సారూ. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మూతలు మార్చేది లేదు."

పావని చెల్లెలి పక్కన కూర్చుని చెవిలో ఏదో అంది. ఆ పిల్ల పకపకా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం రాలేదు. పెట్టుకోవాలని ఆ పిల్లకు తెలియదు.

నేను చూశాను. ఆవిడ మాట గుర్తొచ్చి, ఇంకోసారి చూశాను. ఎడమవైపు పై పన్ను మీద సన్నటి సుద్దగీత ఉంది.

"అది మోటరు కాలిన ఎండాకాలందే కావచ్చు" అంది రేణుక మెల్లగా. కావచ్చు, కాకపోవచ్చు. నాకు తెలియదు. కానీ దాన్ని వదిలేసి చెబితే ఆవిడ ఒప్పుకునేది కాదు.

లచ్చమ్మకు గట్టిగా వినపడేలా చెప్పాను. కొత్త పళ్లు పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. మచ్చలేనివి మూడు.